గొడ్ల కొట్టం కూడా చరిత్రే, పడగొట్టే ముందు ఒక్కసారి దాన్ని సరిగ్గా చూడండి

గండికోటకు పోయినవాళ్ళంతా పెన్నా లోయ చూసి, మాధవరాయస్వామి గుడి చూసి, జుమ్మా మసీదు దగ్గరున్న ధాన్యాగారం ముందు నిలబడి ఫోటోలు దిగి వస్తారు. ఎంత పెద్ద కట్టడమో, ఎంతెంత మందం గోడలో అని మెచ్చుకుంటారు, మెచ్చుకోవాల్సిందే. కానీ అందులో పోసిన గింజలు యాడ్నుంచి వచ్చినాయి? చుట్టుపక్కల ఊర్లలో ఎవరో ఎద్దులు కట్టి, మడక దున్ని, గొర్రుతో విత్తి, కళ్ళంలో తొక్కించి, బండికెత్తి తోలుకొస్తేనే కదా ఆ ధాన్యాగారం నిండింది. ఆ ఎద్దుల్ని కట్టేసిన చోటు, వాటి మేత, ఎరువు, విత్తనం గింజలు, గొర్రూ గుంటకా కాడీ అన్నీ దాచిపెట్టిన చోటు ఇంకొకటి ఉంది, అది కూడా రాతి కట్టడమే, దాన్ని మావైపు కొట్టం అంటారు. ధాన్యాగారాన్ని పురావస్తు శాఖ కాపాడుతోంది. కొట్టాల్ని కాపాడాలని ఎవరికీ అనిపించట్లేదు, వాటిని కట్టించిన వాళ్ళ మనవళ్ళకు కూడా.

మాది కోవెలకుంట్ల నుంచి జమ్మలమడుగు పోయే దారి పక్కన నల్లరేగడి ఊరు. మా జేజినాయన (తాత) వాళ్ళ నాయన కాలంలో కట్టిన కొట్టం ఇంకా నిలబడే ఉంది, ఇప్పుడది మూడు ఇండ్ల ఉమ్మడి. పండగలకి అందరం కలిసినప్పుడల్లా దాని మాట వస్తుంది, చిన్నాయన ప్రతిసారీ అదే అంటాడు: "ఎద్దులా లేకపాయె, ఎనుములన్నా లేకపాయె, ఈ రాళ్ళు పెట్టుకోని ఏం జేస్తాంరా, పడగొట్టి రేకుల షెడ్డు ఏస్తే ట్రాక్టరన్నా నీడకుంటాది." ఆయన మాటలో న్యాయం ఉంది, పొలం చేసేది ఆయన, ఎప్పుడో ఒకసారి బస్సు దిగి పోయి రెండు రోజులుండి వచ్చే నాకు ఆయన్ని తప్పుపట్టే హక్కు లేదు. అయినా పడగొట్టొద్దనే అంటున్నాను, పాతదంటే ప్రేమ కొద్దీ అంటున్న మాట అయితే ఇంత పొడుగు రాయను, దానికి కారణాలున్నాయి.

ముందు రాయి సంగతి చెప్పాలి. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, తాడిపత్రి, ఎర్రగుంట్ల, జమ్మలమడుగు చుట్టూ భూమిలో ఉండేది నాపరాయి, అంటే సున్నపురాయే, కోట్ల ఏళ్ళ కిందట సముద్రం అడుగున మెత్తటి బురద పొర మీద పొర పేరుకుని గట్టిపడింది, అందుకే అట్ల దొంతర లాగా పొరలు పొరలుగా విడిపోతుంది. పొర సందు చూసి ఉలి పెట్టి సుత్తితో తడుతూ పోతే, ఆపైన గడ్డపారతో మెల్లగా ఎత్తితే, మంచమంత బండ నున్నగా లేచొస్తుంది, రెండు వైపులా చెక్కే పని లేకుండా. కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలు కూడా ఈ సున్నపురాతిలోనే నీళ్ళు తొలిచిన గుహలు, 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త వాటిని లోకానికి చెప్పాడు, కొలిచినంత మేర 3,229 మీటర్లు. టికెట్టు కొని లోపలికి పోయి అబ్బా అనుకుంటూ చూసే ఆ రాయే మా ఎద్దులకు మేత వేసే గాడికి అంచు, మా కొట్టానికి నేల, గోడ, మెట్టు, చూరు. మావైపు పెద్ద మానులు తక్కువ, కలప దూరం నుంచి రావాలి, రాయి మాత్రం ఎక్కడ తవ్వితే అక్కడే, కాబట్టి ఎక్కడెక్కడ కలప తప్పించొచ్చో అక్కడంతా బండ పెట్టుకున్నారు. అనంతపురం దక్షిణంగా పోతే ఇదే పనిని నల్లరాతి కూసాలు (స్తంభాలు) చేస్తాయి, తెలంగాణలో రాతి కడీలు, తాండూరు వైపు మళ్ళీ నాపరాయే. ఏ నేలకు ఏ రాయి ఉంటే ఆ రాయితోనే కట్టుకున్నారు, బండి ఎద్దులు ఒక పూటలో లాగి తేగలిగినంత దూరం నుంచే కట్టడం మొత్తం వచ్చింది.

నల్లరేగట్లో ఇల్లు కట్టడం ఎంత కష్టమో ఆ నేలలో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. వానకు ఉబ్బుతుంది, ఎండకు చెయ్యి పట్టేంత నెరెలు విచ్చుతుంది, దానిమీద ఏం కట్టినా అటూ ఇటూ లాగుతుంది. పాతవాళ్ళు రేగడి మొత్తం తీసేసి కింద సుద్ద తగిలే దాకా తవ్వి అక్కడి నుంచి పెద్ద పెద్ద రాళ్ళతో పునాది లేపారు. దాని పైన గోడ రెండు వరసలు, లోపలి వైపు ఒకటి, బయటి వైపు ఒకటి, మధ్యలో సన్న రాళ్ళు బంకమట్టి కూరి, అక్కడక్కడా ఒక నిడుపాటి రాయి ఇవతలి మొఖం నుంచి అవతలి మొఖం దాకా అడ్డంగా వేసి రెండు వరసల్నీ కలిపి పట్టుకున్నారు. ఆ అడ్డ రాళ్ళే గోడ ప్రాణం. అవి లేకుండా కట్టిన గోడ కొన్నేళ్ళకి కడుపు ఉబ్బి ఒక వరస జారిపోతుంది. మట్టితో కట్టిన గోడ కాబట్టి నేల కదిలినా గోడ కూడా కొంచెం కొంచెం సర్దుకుంటుంది, పగలదు. పైకి పోయే మెట్లు కూడా గోడలోనే, ఒక్కో బండను సగం గోడలోకి దూర్చి సగం బయటికి వదిలేశారు, కింద ఆధారం ఏమీ ఉండదు, చిన్నప్పుడు మిరపకాయలు ఎండబెట్టే గంపలు పట్టుకుని మేమంతా ఆ మెట్ల మీదనే ఎక్కేవాళ్ళం.

లోపల గాడి దగ్గర కాసేపు కూర్చుని చూడండి. ఒక పొడవాటి బండను అంచు మీద నిలబెట్టి, సగం నేలలో పూడ్చి, వెనకాల గోడకూ దానికీ మధ్య మేత వేసే జాగా చేశారు. బండకు తాడు దూరేంత బొక్క, దానికే పలుపు కట్టేది. ఎద్దులు మెడ ఆనించి ఆనించి ఆ బండ పై అంచు ఎంత నున్నగా అయిందంటే ఎవరో పాలిష్ పట్టారనుకుంటారు, అదీ అంతా ఒకే తీరుగా కాదు, రెండు చోట్ల గుంట పడింది, ఎడమెద్దు కుడెద్దు ఎప్పుడూ నిలబడే చోట్లు. బండ ఎత్తు కూడా లెక్క ప్రకారమే, ఇంకొంచెం ఎత్తైతే ఎద్దుకు మెడ నొప్పి, తక్కువైతే కాలు పెట్టి మేత తొక్కేస్తుంది. నేల గాడి నుంచి వెనక్కి సన్నగా వాలుగా ఉంటుంది, బండల సందుల్లో నుంచి ఉచ్చ అంతా ఒక కాలవలో పడి గోడ కింద తూము గుండా బయట దిబ్బలోకి పోతుంది. పేడ, ఉచ్చ, గొడ్లు తినకుండా వదిలేసిన జొన్న సొప్ప మొదుళ్ళు, బూడిద, అన్నీ ఏడాదంతా దిబ్బలో మాగి, వానలకు ముందు బండ్లకెత్తుకుని చేనికి పోయేవి. యూరియా బస్తా రాకముందు చేను బతికింది ఈ తూము మీదనే. ఒకసారి అలా చూడ్డం మొదలుపెడితే కొట్టం గొడ్లకు నీడనిచ్చే షెడ్డు మాత్రమే అని ఎవరూ అనలేరు, అది సేద్యంలో సగం.

ఇక మిద్దె, అంటే మట్టి కప్పు. దూలాల మీద దంతెలు (సన్న వాసాలు), దంతెల మీద కట్టె పేడులో సన్న బండలో దగ్గర దగ్గరగా పరిచి, ఆకు కొమ్మలు వేసి, మూరెడు మందం మట్టి పోసి, అన్నిటికంటే పైన చౌడు. చౌడు గురించి మా జేజి (నాయనమ్మ) ఎంత పట్టుగా చెప్పేదో, ఫలానా చేని చౌడే తేవాలి, ఇంకో చోటుది పనికిరాదు అని. దాని వెనక మంచి శాస్త్రమే ఉంది, చౌడు నేలలో సోడియం ఎక్కువ, తడి తగలగానే అందులో బంకమట్టి రేణువులు విడివిడిగా చెదిరిపోయి ఉన్న సందులన్నీ మూసేస్తాయి, నీళ్ళు కిందికి దిగవు. చేనులో ఆ గుణం వల్లే పైరు చస్తుంది, వేర్లకు నీళ్ళూ గాలీ అందవు. మిద్దె మీద అదే గుణం వాన ఆపుతుంది. పనికిరాని చేను ఏదో గుర్తుపెట్టుకుని, దాని మట్టిని మిద్దెకెక్కించిన రైతుకు కెమిస్ట్రీ రాకపోవచ్చు, చూపు మాత్రం ఉంది. ఏటా తొలకరికి ముందు కొత్త చౌడు చల్లి, గుండుతోనో దిమ్మిసతోనో అణిచి, దోనెల్లో చెత్త తీసేసేవాళ్ళు. ఆ పని ఒక పూటది. ఆ ఒక్క పూట పని ఏటా జరిగినన్నాళ్ళూ మిద్దెకు ఏమీ కాలేదు.

కొట్టం ముందర వాకిట్లో పాతర ఉండేది. ఇప్పుడు పూడ్చేశారు, మూత బండ మాత్రం ఉంది. నేలలో లోతుగా గుంత తీసి, చుట్టూ సొప్ప పరిచి, జొన్నలు నింపి, పైన మళ్ళీ సొప్ప, బండ, మట్టి మెత్తి గాలి చొరకుండా మూసేస్తారు. లోపల గింజలు ఊపిరి తీసుకుని ఉన్న ఆక్సిజన్ అయిపోతుంది, బొగ్గుపులుసు గాలి నిండుతుంది, పురుగు పుట్టినా బతకదు, మందూ మాకూ అక్కర్లేదు. అదే గాలి మనిషిని కూడా చంపుతుంది కాబట్టి పాతర తీసిన వెంటనే ఎవరూ దిగకూడదు, బండ తీసి చాలాసేపు వదిలేసి, తాడుకు దీపం కట్టి దించి చూసి, ఆరకుండా ఉంటేనే మనిషి దిగేవాడు. కరువు సీమలో ఒక పంట తిని ఇంకో పంట దాచుకోవడం విలాసం కాదు, మళ్ళీ వాన ఎప్పుడొస్తుందో తెలియనివాళ్ళ ఏర్పాటు. 1876-78 కరువు గురించి చదివినప్పుడల్లా నాకు ఈ మూత బండే గుర్తొస్తుంది, ఆ రెండు మూడేళ్ళలో మనుషులతో పాటు గొడ్లు ఎన్ని పోయాయో, గొడ్డు పోయిన రైతు వాన పడినా దున్నలేడు, అంటే కరువు వాన రావడంతో అయిపోలేదు.

ఇంకా వెనక్కి పోదాం. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో 1957లో రేమండ్ ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త ఒక బూడిద దిబ్బను తవ్వించాడు. జనం రాక్షసుల బూడిద అనో ఇంకేదో అనో అనుకునే ఆ దిబ్బ కొత్తరాతి యుగం నాటి గొడ్ల దొడ్డి అని తేలింది, చుట్టూ మానులు పాతిన కంచె గుంతలు, ఎన్నోసార్లు కాలిన పేడ పొరలు, వాటి మధ్యలో గొడ్ల గిట్టల అచ్చులు. నాలుగు వేల ఏళ్ళు దాటిన గిట్టల గుర్తులు! అనంతపురం జిల్లా పాల్వాయిలో, బళ్ళారి చుట్టూ కూడా ఇట్లాంటి బూడిద దిబ్బలున్నాయి, బెలుం గుహల దగ్గర చెప్పిన ఆ ఫుటే వీటి మీద కూడా రాశాడు. ఆ దొడ్డి నుంచి మా కొట్టానికి నేరుగా గీత గీయగలమని నేననను, మధ్యలో ఎన్ని మారాయో. కానీ ఈ నేల మీద మనిషి కట్టిన మొదటి పెద్ద కట్టడాల్లో గొడ్ల కోసం కట్టినవి ఉన్నాయి, కోటలూ గుళ్ళూ చాలా తర్వాత వచ్చాయి. చరిత్ర అంటే గుడి, కోట, శాసనం అని మాత్రమే నేర్పిన పుస్తకాలు ఇది ఎందుకు నేర్పలేదు?

మన కొట్టాల రూపానికి పాలెగాళ్ళ కాలం కూడా కారణమే. 1800లో నిజాం ఈ జిల్లాల్ని ఈస్టిండియా కుంఫిణీకి ఇచ్చేసినప్పుడు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రోకు 80 మంది పాలెగాళ్ళు ఎదురయ్యారని చెప్తారు, ఊరికి బురుజు, బురుజు మీద కాపలా, రాత్రిపూట దోపిడీలు. అట్లాంటి కాలంలో రైతుకు ఎద్దుల జతకు మించిన ఆస్తి లేదు, బంగారమైనా పూడ్చిపెట్టొచ్చు, ఎద్దును పూడ్చలేం. అందుకే చాలా ఇండ్లలో గాడి ఇంట్లోనే, మనుషులు పడుకునే పడసాలకు ఆనుకునే. విడిగా కొట్టం ఉన్నచోట జానెడు కిటికీలు, అవి కూడా చేతికందని ఎత్తులో, ఒకే వాకిలి, లోపలి నుంచి అడ్డగడియ. 1807 దాకా ఇక్కడున్న మన్రో రైతువారీ పద్ధతి తెచ్చాడు, భూమి రైతు పేరు మీదికి వచ్చింది, పేరు మీద భూమి ఉన్నవాడు రాతితో కట్టుకోవడానికి ధైర్యం చేస్తాడు, మా ఊరి పాత కొట్టాలు ఎక్కువ భాగం ఆ తర్వాతి తరాల్లోవే అని నా అంచనా.

ఇక్కడ ఒకటి దాటేయకూడదు. ఈ కొట్టాల్ని కట్టించింది భూమి ఉన్నవాళ్ళు, కట్టింది వాళ్ళు కాదు. రాయి కొట్టి తెచ్చి పేర్చింది వడ్డెరలు, ఆడామగా కలిసి. ఎద్దుల పలుపులకూ మోట తొండానికీ తోలు పని చేసింది మాదిగలు. రాత్రిళ్ళు కొట్టంలో సొప్ప మీద పడుకుని గొడ్లకు కాపలా ఉన్నది జీతగాడు, చాలాసార్లు అప్పు కింద జీతానికి కుదిరిన పిల్లవాడు, అతనికి ఇంటి లోపలికి రానివ్వని కులం. పండగ పూట మనం కొట్టం ముందు నిలబడి మా తాతల గొప్ప అని చెప్పుకుంటే సగం అబద్ధం చెప్పినట్టే. నా దృష్టిలో కొట్టాన్ని నిలబెట్టుకోవాల్సిన కారణాల్లో ఇది చిన్నది కాదు, ఎందుకంటే ఆ పనివాళ్ళ గురించి ఏ శాసనంలోనూ రాయలేదు, వాళ్ళ చేతి పని మిగిలిన చోటు ఇదే. గోడలో ఆ అడ్డ రాయి ఎక్కడ వేయాలో నిర్ణయించింది మా ముత్తాత కాదు.

కొట్టం ఎందుకు పడిపోతోంది అంటే రాయి పాతబడి అని ఎవరైనా చెప్తే నమ్మకండి. ట్రాక్టరు వచ్చింది, ఎద్దులు పోయాయి. జొన్న పోయి శనగ వచ్చింది, ముఖ్యంగా జేజీ-11 రకం వచ్చాక మా రేగడి మొత్తం శనగే, శనగలో ఎద్దుకు పెట్టే సొప్ప ఉండదు, పంట కూడా ఇంట్లో దాచే పని లేకుండా కోల్డ్ స్టోరేజీకి పోతుంది. ఇవన్నీ రైతుకు మంచే చేశాయి, కొన్నేళ్ళు చెడూ చేశాయి, దాని మీద వాదన ఇంకోసారి. ఎద్దులు పోయాక చౌడు తోలే బండి పోయింది, చౌడు తోలే అలవాటు పోయింది, మిద్దె కారింది, దంతెలు పుచ్చాయి. కారిందని ఎవరో పైన సిమెంటు పూశారు, గోడకు కూడా సిమెంటు మెత్తారు. అదే పెద్ద దెబ్బ. మట్టితో కట్టిన గోడ తడిని పీల్చుకుంటుంది, మళ్ళీ బయటికి వదిలేస్తుంది, సిమెంటు పూస్తే సన్న పగుళ్ళ నుంచి నీళ్ళు లోపలికి పోతాయి కానీ బయటికి రాలేవు, లోపలి మట్టి నానినాని జారుతుంది, గోడ ఉబ్బుతుంది. మా కొట్టంలో పడమటి గోడ ఒక్కటే ఉబ్బింది, సిమెంటు మెత్తింది ఆ గోడ ఒక్కదానికే. పాతవాళ్ళు పూత పూస్తే గానుగ సున్నం పూసేవాళ్ళు, అది తడిని ఆపదు, పోనిస్తుంది.

ఎదుటివాళ్ళు చెప్పేదాంట్లో గట్టిది ఒకటుంది. వానాకాలం వస్తే మట్టి మిద్దె కూలి మనుషులు పోయారన్న వార్త వస్తూనే ఉంటుంది, అట్లాంటి ఇంట్లో పిల్లల్ని పడుకోబెట్టమని నేను ఎవరికీ చెప్పను. రాళ్ళ సందుల్లో తేళ్ళుంటాయి, చీకటి, గాలి చాలదు, నిజమే. కానీ కూలిన మిద్దెల్లో చాలావాటికి ఏళ్ళ తరబడి చౌడు పడి ఉండదు, దూలం చెదలు పట్టి ఉంటుంది, ఎవరూ ఎక్కి చూసి ఉండరు. కట్టిన పద్ధతి చెడ్డదని దానివల్ల తేలదు. అదీకాక నేను మాట్లాడేది మనుషుల ఇల్లు గురించి కాదు, గొడ్లకూ మేతకూ పనిముట్లకూ ఉన్న కొట్టం గురించి. మే నెలలో మధ్యాహ్నం రేకుల షెడ్డులో పది నిమిషాలు నిలబడి, ఆ తర్వాత మట్టి మిద్దె కొట్టంలోకి పోయి నిలబడండి, ఎనుముకు (బర్రెకు) ఎక్కడ పాలు నిలుస్తాయో ఎవరూ చెప్పాల్సిన పని ఉండదు.

కాపాడాలనుకుంటే మనకు చేతకాక కాదు. శ్రీశైలం ప్రాజెక్టు కట్టినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఆలంపూర్‌కు తెచ్చి మళ్ళీ నిలబెట్టారు, గొప్ప పని, చేతులెత్తి దండం పెట్టాలి. అదే నీళ్ళలో ఊర్లకు ఊర్లు మునిగాయి, ఆ ఊర్ల కొట్టాలకు కనీసం కొలతలు తీసి దాచినట్టు నాకైతే తెలియదు. మొన్న మొన్న 2020లో గండికోట రిజర్వాయరు కింద తాళ్ళప్రొద్దుటూరు ఖాళీ అయినప్పుడూ నాపరాతి ఊరే పోయింది. ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్ డేల్స్ అనే కొండ ప్రాంతంలో చేలల్లో రాతి కొట్టాలున్నాయి, కింద ఆవులు, పక్కన ఎండుగడ్డి, రెండు వరసల గోడ, మధ్యలో అడ్డ రాళ్ళు, అంతా మన పద్ధతే, మనల్ని చూసి వాళ్ళు నేర్చుకోలేదు, వాళ్ళని చూసి మనం నేర్చుకోలేదు. అక్కడ స్వేల్‌డేల్, ఆర్కెన్‌గార్త్‌డేల్ అనే రెండు లోయల్లో కొట్టాలూ కంచె గోడలూ కలిపి 1989లోనే సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. ఒక్కో కొట్టం గొప్పదని కాదు, అన్నీ కలిస్తేనే ఆ సేద్యం కనపడుతుందని.

మన 1958 పురాతన కట్టడాల చట్టం ప్రకారం, చారిత్రక విలువ ఉండి 100 ఏళ్ళు దాటిన కట్టడం పురాతనమే. ఆ లెక్కన మా కొట్టం లాంటివి బోలెడు. వాటన్నిటినీ పురావస్తు శాఖ తీసుకోవాలని నేను అడగట్లేదు, తీసుకుంటే రైతు మేకు కొట్టడానికి కూడా పర్మిషన్ అడగాల్సి వస్తుంది, అది వద్దు. నేను అడిగేది చిన్నది. ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ డబ్బులతో మినీ గోకులాలు (చిన్న గొడ్ల షెడ్లు) కట్టారు, మంచి పని, నేను చూసినవన్నీ రేకులవే. గొడ్లున్న రైతుకు పాత రాతి కొట్టం ఉంటే, అదే డబ్బుతో దూలాలు మార్చుకుని, చౌడు వేసుకుని, గోడ సరిచేసుకునే వీలు ఇవ్వాలి. రాయి అక్కడే ఉంది, మట్టి ఊర్లోనే ఉంది, ఖర్చులో ఎక్కువ భాగం కూలీకే పోతుంది, ఉపాధి హామీ ఉన్నదే కూలీ కోసం. రాతి గోడ పేర్చడం తెలిసిన వడ్డెర మేస్త్రీలు ఇంకా ఉన్నారు, పెద్దవాళ్ళయ్యారు, వాళ్ళ పక్కన నలుగురు కుర్రవాళ్ళు పని నేర్చుకోవాలంటే ఇప్పుడే.

పడగొట్టక తప్పనివాళ్ళకు కూడా ఒక మాట. జేసీబీ పిలిచే ముందు ఒక టేపు తీసుకుని పొడవు, వెడల్పు, గోడ మందం, గాడి ఎత్తు కొలిచి కాయితం మీద గీయండి, మిద్దె పొరలు పై నుంచి ఒక్కొక్కటి తీస్తూ ఫోటోలు తీయండి, ఏ పొరను ఏమంటారో ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి వాళ్ళ మాటలోనే రికార్డు చేయండి, ఎవరు కట్టారో ఎవరికైనా గుర్తుంటే ఆ మేస్త్రీ పేరు రాసిపెట్టండి. చిన్నాయన ఈ ఏడు పడగొట్టడం ఆపాడు. పడమటి గోడ మీద సిమెంటు చెక్కేసి, ఉబ్బిన మేర విప్పి మళ్ళీ పేర్పించాలని మాట అయింది, ట్రాక్టరు లోపలికి పట్టేట్టు వాకిలి వెడల్పు చేయాలని ఆయన పట్టు, దానికి నేను ఒప్పుకున్నాను. ఎద్దుల వాకిలి ట్రాక్టరు వాకిలి అయితే కొట్టానికి వచ్చిన నష్టమేమీ లేదు, వాకిలి పైన బండ మాత్రం ఇంకా పొడుగుది కావాలి, అది కొలిమిగుండ్ల గనుల్లో దొరుకుతుందంట.